దశరథుడి వన్స్‌మోర్

ముందురోజు బిలాస్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగువాళ్ళు నాటకం ఆడారు. దశరథుడి వేషం బూట్ల షాపు చీనా తాత వేస్తే, తెర వెనక పద్యాలు ఒక రైలింజను ఫైర్‌మన్ పాడాడు. పొద్దున్నే ఆ ఫైర్‌మన్ క్వార్టర్ వాకిట్లో ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంటే, భార్య నవ్వు ఆపుకోలేకపోతోంది.

“ఏటే ఆ నవ్వు? దశరథుడు సచ్చిపోతే నవ్వుతారేటి?”

“ఒక్కసారి సస్తే ఏడిసేదాన్ని మావా. మూడుసార్లు సచ్చాడు గదా!”

“జనం వన్స్‌మోర్ అన్నారే. అది నా పద్యానికి.”

“పద్యానికా? నువ్వు రాగం ఎత్తగానే, పాట ఆపు, ముసలోణ్ణి పడనీ అని అరిసారు.”

“వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడాలి గానీ, మళ్ళీ సావడమేటి?”

“ఆ తాత షాంగైలో మూకీ సినిమాల్లో సచ్చిపోయే వేషాలు వేసేవోడంట. సీను బాగా రాపోతే లేచి మళ్ళీ సావమనేవోరంట. వయసంతా అదే డ్యూటీ.”

“నీకెవరు సెప్పారు?”

“తనే. నువ్వు పడుకున్నప్పుడొచ్చి, నీకు కొత్త బూట్లు ఇచ్చెళ్ళాడు.”

“నాకా? ఎందుకూ?”

“టాకీలొచ్చాక గొంతు బాగోలేదని పంపేసారంట. ‘ఇన్నేళ్ళూ నోరు లేకుండా సచ్చాను బేటీ, నిన్ననే మీ ఆయన గొంతుతో సచ్చాను’ అని హిందీలో సెప్పి కళ్ళు తుడుసుకున్నాడు.”

“అచ్ఛా... అలాగన్నాడా?”

“బూట్లు తిరిగిచ్చేయమంటావా?”

“ఇలాగ తే. వచ్చే నాటకంలో కూడా మేవిద్దరం కలిసే సస్తామని సెప్పు.”