పోతే ఇస్తారట, పెరిగితే ఇవ్వరట

నా పదవీ విరమణ సభకు అధ్యక్షులైన మా మేనేజరు గారికి, ముఖ్య అతిథిగా వేంచేసిన ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిముల అధికారి గారికి, ఇన్నేళ్లూ నన్ను భరించిన వినికిడి డాక్టరమ్మకు, తోటి ఉద్యోగులకు, మా దగ్గర చెవులు బాగుచేయించుకున్న పాపానికి ఇవాళ నా ఉపన్యాసం వినాల్సి వచ్చిన పెద్దలకు, పిల్లలకు నమస్కారాలు. ముందు వరుసలో మా ఆవిడ కూర్చుంది. ఆమెకు విడిగా ఇంకో నమస్కారం. "ఊరందరి చెవుల లెక్కా చూస్తారు, నా మాట ఒక్కటీ మీ చెవికెక్కదు" అని పెళ్లయిన నాటి నుంచీ అంటూనే ఉంది. ఏమందో నాకు సరిగా వినపడలేదు గానీ, అదే అయుంటుంది. (నవ్వులు)

"రెండు మంచి మాటలు చెప్పి కూర్చోండి గురువుగారూ" అన్నారు మేనేజరు గారు. ఆ రెండూ ముందే చెప్పేస్తాను. మన ఆఫీసులో టీ బావుంటుంది. నా నెత్తి మీది ఫ్యాను శబ్దం చేసినా తిరిగేది. ఇక మిగిలినవి మొదలుపెడతాను.

నా పనేమిటో మా చుట్టాలకు ఇప్పటికీ తెలియదు. చెవుల ఆసుపత్రి అనగానే మా బావమరిది ఓ పెళ్లిలో పదిమంది ముందు తల వంచి "బావా, గులిమి ఉందేమో చూడు" అన్నాడు. నేను చెవులు చూసేవాణ్ణి కాదురా, చెవులకు బిల్లు రాసేవాణ్ణి అంటే నమ్మలేదు. వినికిడి యంత్రం ఎవరిదైనా ఒకటే, కానీ దాన్ని చెవిలో కుదురుగా కూర్చోబెట్టే అచ్చు మాత్రం ఎవరి చెవికి వారిదే. మన డాక్టరమ్మ చెవిలో మెత్తటి ముద్ద నింపి, "నవ్వకు, నమలకు, అత్తగారిని తలుచుకోకు" అని కూర్చోబెట్టి, అది గట్టిపడ్డాక తీసి, ఆ ఆకారాన్ని బట్టి అచ్చు పోయిస్తుంది. ఆ అచ్చుకు కంపెనీ వారి పుస్తకంలో ఒక కోడు ఉంటుంది. ఆ కోడు వేసి, ఎందుకు కావాలో రాసి, డబ్బు రాబట్టడం నా పని.

(హాలులో సన్నగా ఈల)

మైకు తమ్ముడూ, ఆ మరలు తిప్పకు. అది నీ మైకు కాదు. ఎక్కడిదో నాకు తెలుసు, ఆ మాటకే వస్తున్నాను.

ముందు అతిథి గారి గురించి చెప్పాలి. ఇన్నేళ్లూ వీరి సంతకాన్నే చూశాను, ముఖం చూడటం ఇవాళే. సంతకం కంటే ముఖం మెత్తగా ఉంది. (నవ్వులు) ఒకసారి ఒక పెద్దాయనకు కుడికీ ఎడమకీ అచ్చులు చేయించి బిల్లు పంపితే, "ఒకే వస్తువుకు రెండుసార్లు బిల్లు పెట్టారు" అని తిప్పి కొట్టారు. అయ్యా, మనిషికి రెండు చెవులుంటాయి అని రాశాను. "ఆధారం జతపరచండి" అని జవాబు. ఆ పెద్దాయన ఫొటో తీయించి, చెవుల మీద సిరాతో బాణం గుర్తులు వేసి పంపాను. పాసయింది. మీకు గుర్తుందా అండీ? తల ఊపుతున్నారు. మీలోనూ ఒక నవ్వుందన్నమాట.

ఇక నవ్వులు చాలు.

మూడో వరుసలో, కిటికీ పక్కన, బట్టలు కుట్టే అమ్మమ్మ ఒకావిడ, ఆవిడ పక్కన మనవరాలు ఉన్నారు. పాపకు కిందటేడు అచ్చు చేశాం. పిల్ల ఎదిగింది, పిల్లతో చెవీ ఎదిగింది, అచ్చు మాత్రం ఉన్నచోటే ఉంది. వదులైన అచ్చు పక్కనుంచి శబ్దం జారిపోయి, మళ్లీ యంత్రంలోకే దూరి, ఈల వేస్తుంది. అమ్మమ్మ ఏదో చెప్పబోయి చెవి దగ్గరకు వంగినట్టుంది, ఇందాక మీరు విన్న ఈల అదే. బడిలో ఆ పిల్లను అందరూ "కుక్కరూ" అంటారట. అందుకని బడికి వెళ్లగానే యంత్రం తీసి పెన్సిళ్ల డబ్బాలో పెట్టేస్తుంది. పాఠం పెదవుల కదలికగా మాత్రమే చూసి ఇంటికి వస్తుంది.

కొత్త అచ్చు కోసం నేను రాశాను. "ఈ చెవికి ఒకసారి ఇచ్చేశాం" అన్నారు. చెవి పెరిగిందండీ అని ఫోను చేశాను.

"పెరిగిందని రుజువేమిటండీ?" అన్నారు, అతిథి గారూ, మీరే.

"పాపను తీసుకురానా?"

"పాప వద్దు, కాగితం పంపండి. అయినా, అచ్చు పోతే మళ్లీ ఇస్తాం, విరిగితే ఇస్తాం. పెరగడం మా నిబంధనల్లో లేదు."

మన మేనేజరు గారు మంచివారు, పిల్లల తండ్రి. నా బల్ల మీదకు వంగి "గురువుగారూ, 'పోయింది' అని ఒక్క మాట రాసి పడేయండి, వారంలో పాసవుతుంది, మీకెందుకీ మొండిపట్టు?" అన్నారు. సైగ చేస్తున్నారు, ఆపమని. ఇప్పుడే ఆపనండీ, టీ ఇంకా మరగలేదు.

నేను ఆ మాట అమ్మమ్మతో అన్నాను. మిషను నూనె మరకలున్న చేతులు నా బల్ల మీద ఆనించి ఆవిడ అన్నది ఆవిడ మాటల్లోనే చెబుతాను. "పోలేదు బాబూ, డబ్బాలో భద్రంగా ఉంది. నా మనవరాలు పెన్సిలు ముక్క కూడా పారేసుకోదు. గౌను పొట్టిదైతే అంచు విప్పి కుడతా గానీ, పిల్లను కురచ చేస్తానా? ఎదిగిందని రాయి. ఎదగడం దొంగతనమా?"

అలాగే రాశాను. తిరిగొచ్చింది. మళ్లీ అదే రాశాను. నిన్న సాయంత్రం, బల్ల ఖాళీ చేసి అప్పగించడం ఆనవాయితీ అంటూ ఒక కాగితం నా ముందు పెట్టారు. తేలని క్లెయిములన్నీ వెనక్కి తీసుకుంటున్నట్టు నేను సంతకం చేయాలట. తాళాలిచ్చాను, కుర్చీ ఇచ్చాను, చెవి విరిగిన నా టీ కప్పు కూడా ఇచ్చాను. సంతకం ఇవ్వలేదు. ఇవ్వను. 'పోయింది' అనీ రాయను. ఈ పిల్ల కోసం ఇవాళ అబద్ధం రాస్తే, రేపు ఎదిగే ప్రతి పిల్ల కోసమూ రాయాలి. ఏదో ఒకనాడు అబద్ధం బయటపడితే పాలసీ పోయేది పిల్లదే, నాది కాదు.

అతిథి గారూ, మీరిప్పుడు ఏమీ చెప్పనక్కరలేదు. పిలిచి కూర్చోబెట్టిన మనిషిని ఇరుకున పెట్టడం మర్యాద కాదు. పెట్టేశాననుకోండి. (నవ్వులు) కానీ సోమవారం ఈ క్లెయిము మీద మీ ఆఫీసులో విచారణ ఉంది. పేషెంటు తరఫున ఎవరైనా రావచ్చని మీ నిబంధనల్లోనే ఉంది. అమ్మమ్మ నన్ను రమ్మంది. ఇన్నాళ్లూ ఉద్యోగిని కాబట్టి "తమ దయకు" అని ఉత్తరాలు ముగించాను. సోమవారం నా వెంట దయ రాదు, పాప వస్తుంది. మీకు కావలసిన కాగితం ఆ పిల్ల చెవే.

నాకు బహుమతిగా గోడ గడియారం ఇచ్చారు. సంతోషం. నన్ను సాగనంపడానికి వచ్చిన మీ అందరికీ, ఓపిక లేకపోయినా విన్న మా ఆవిడకూ కృతజ్ఞతలు.

చివరిగా ఒక్క మాట, ఆ కిటికీ వైపు. బంగారూ, ఇందాక ఈల రాగానే అందరూ వెనక్కి తిరిగి చూశారని యంత్రం తీసి గుప్పిట్లో దాచేశావు, నేను చూశాను. బయటికి తియ్యి. పెట్టుకో. ఊఁ, అలా.

(ఈల)

మోగనీ. ఎవరూ మైకు వైపు చూడకండి. ఆ చప్పుడు మేనేజరు గారూ వినాలి, అతిథి గారూ వినాలి. అది ఆగేదాకా నేనూ ఆగను. ఉద్యోగానికి మాత్రమే, సెలవు.