సర్వరక్క పెట్టని సంతకం

1994 జూన్ 13, సోమవారం ఉదయం మన ఆసుపత్రి రికార్డుల విభాగంలో డేటా ఎంట్రీ ఆపరేటరుగా చేరిననాడు, ఈ అభినందన సంచిక ఎవరి గౌరవార్థం వెలువడుతున్నదో ఆ విదుషీమణి చేతికి విభాగాధిపతి మొట్టమొదట అందించినది కంప్యూటరు కాదు, చీపురు. కంప్యూటర్లు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. వాటిని ప్రతిష్ఠించవలసిన గదిలో చిరిగిన దుప్పట్లు, విరిగిన మంచాల కాళ్లు కాపురం ఉంటున్నాయి. చేరీచేరగానే ఊడ్చే పని చెప్పారని ముఖం ముడుచుకోకుండా ఆ గదిని అద్దంలా చేసి, ముప్పై ఒక్క సంవత్సరాలు అదే గదిలో నిర్విరామంగా, నిరాడంబరంగా సేవలందించి, మొన్నటి శనివారం సాయంత్రం వారు పదవీ విరమణ చేశారు.

వారి అసలు పేరు హాజరుపట్టీలో తప్ప మరెక్కడా వినిపించదు. "సర్వరక్క" అనే బిరుదును ప్రదానం చేసినది, జుట్టు నెరిసినా అందరికీ తమ్ముడిగానే చలామణీ అవుతున్న మన రిజిస్ట్రేషను కౌంటరు తమ్ముడు. "ఆ సర్వరు మిషనుకి జలుబు చేస్తే ఈవిడకి తుమ్ములొస్తాయండీ బాబూ!" అని ఆయన చేసిన పరిహాసం నేటికీ విభాగంలో ప్రచారంలో ఉన్నది. వారి భర్త గడియారాలు బాగుచేస్తారు. మన హాల్లోని గోడ గడియారం ఆగినప్పుడల్లా వచ్చేవారు. అక్క భర్త గనుక విభాగమంతటికీ బావగారు. "మా ఇంట్లో గడియారాలన్నీ నావి, టైము మాత్రం ఆసుపత్రిది" అని వారు నవ్వుతూ అన్న మాటలో నవ్వు ఎంతో, నిజం ఎంతో ఆ దంపతులకే ఎరుక.

కాగితపు కార్డుల మీది లక్షలాది రోగుల వివరాలను కంప్యూటరులోకి ఎక్కించడంతో ప్రారంభమైన సర్వరక్క గారి ప్రస్థానం, స్వయంకృషితో, రాత్రి కళాశాల చదువుతో డేటాబేస్ నిర్వాహకురాలి పదవి దాకా సాగింది. సర్వర్లను నిలబెట్టడం, పడిపోయిన వాటిని తిరిగి నిర్మించడం, ఇండెక్సులను సరిచూడడం వారి విధులు. వీటిలో చివరిది ఏమిటో మనలో చాలామందికి తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా మనకు ఏనాడూ కలగలేదు, అది వేరే సంగతి. ఒకనాడు ఒక డాక్టరు గారు కాస్త తీరిక చేసుకుని అడిగితే వారు ఇలా చెప్పారు:

"వంటింట్లో డబ్బాలు ఒకరు సర్దారు, వెతికేది ఇంకొకరు అనుకోండి సార్. సర్దినవాళ్ల వరుస ఒకటి, వెతికేవాళ్లు అనుకునే వరుస ఇంకొకటి. చక్కెర ఇంట్లోనే ఉంటుంది. ఉండాల్సిన చోట చూసి, లేదనుకుని, కొత్త పొట్లం కొనుక్కొస్తారు. ఇండెక్సంటే ఆ వరుసే సార్. అది చెడితే ఉన్నది కూడా లేనట్టే."

ఈ వ్యాసంలో శుభం తప్ప మరొకటి ఉండరాదని సంచిక సంపాదకవర్గం వారు సూచించారు. వారి సూచన శిరోధార్యమే. అయితే సన్మానితురాలి కోరిక దానికి అడ్డుపడుతున్నది. "నన్ను పొగుడుకుంటారో, తిట్టుకుంటారో మీ ఇష్టం. ఆ ప్రశంసాపత్రం మాట మాత్రం ఎత్తొద్దు. ఎత్తితే మొత్తం రాయండి, సగం రాయొద్దు" అని వారు ముందే చెప్పారు. సంపాదకవర్గం వారు ముఖచిత్రం మీదనే ఆ ప్రశంసాపత్రం బొమ్మ వేశారు. కనుక మొత్తం రాయక తప్పలేదు.

పన్నెండేళ్ల కిందట ఒక వానాకాలంలో మన పాత సర్వరులోని డిస్కులు ఒకదాని వెనుక ఒకటి చేతులెత్తేశాయి. బ్యాకప్పు ఉన్నదని నమ్మి, అది పనిచేస్తుందో లేదో ఏనాడూ చూడక, అవసరం పడ్డాక నెత్తీ నోరూ బాదుకునే కార్యాలయాలు లోకంలో కోకొల్లలు. సర్వరక్క గారు ప్రతి నెలా బ్యాకప్పును వేరొక యంత్రంలో తెరిచి చూసుకునేవారు. ఆ ముందుచూపే మనలను కాపాడింది. శని, ఆదివారాల్లో కొత్త సర్వరు నిర్మించి, డేటాను ఉన్నది ఉన్నట్లుగా అందులోకి దించారు. ఒక్క రోగి వివరమైనా పోలేదు. కానీ కొత్త యంత్రం పేర్లను పేర్చే వరుస వేరు. పాత వరుసలో కట్టిన ఇండెక్సులను పడగొట్టి కొత్తగా కట్టవలసి ఉన్నది. అందుకు ఇంకొక రోజు కావాలి. సోమవారం ఉదయం అప్పటి సూపరింటెండెంటు గారి గదిలో జరిగిన సంభాషణ ఇది.

"లైను గేటు దాకా ఉందమ్మా. ముందు తెరవండి. సర్దుడు తర్వాత."

"తెరిస్తే కొన్ని పేర్లు దొరక్కపోవచ్చు సార్."

"కొన్నే కదా! దొరక్కపోతే కొత్త కార్డు రాస్తారు. కొంపలేం మునిగిపోవు."

వారు "సరే సార్" అన్నారు.

ఆ వేగానికి మెచ్చి, ఆ నెలాఖరునే ప్రశంసాపత్రం బహూకరించారు. చప్పట్లు కొట్టిన చేతులు మనవే. అటుపై ప్రతి వారం సర్వరక్క గారు ఆ ఒక్క రోజు కోసం అడుగుతూనే ఉన్నారు. వచ్చే వారం చూద్దాం, ఆ పై వారం చూద్దాం అన్న జవాబే వస్తూ ఉన్నది. అడిగి అడిగి వారి నోరు నొచ్చింది గాని, వినే చెవులు నొవ్వలేదు.

ఆ రోజుల్లోనే, బడి బస్సు నడిపే ఒకాయనను స్పృహ లేని జ్వరంతో తోటి డ్రైవరు తీసుకువచ్చాడు. కార్డు వెంట లేదు. భార్య ఊళ్లో లేదు. కౌంటరు తమ్ముడు పేరు కొట్టి చూశారు. లేదు అన్నది యంత్రం. మళ్లీ కొట్టారు, మళ్లీ అదే. కొత్త కార్డు రాశారు. పడని మందులు ఉండవలసిన గడి ఖాళీగా ఉన్నది గనుక వైద్యులు ఆ జ్వరానికి ఇవ్వవలసిన ఇంజెక్షనే ఇచ్చారు. ఆ మందు ఆయనకు పడదు. మధ్యాహ్నం లోపలే ప్రాణం పోయింది.

కొద్ది రోజులకు ఆయన భార్య పాత కార్డు పట్టుకుని కౌంటరు ముందు నిలబడింది. ఏడవలేదు, అరవలేదు.

"పోయినేడు ఆయనకి ఒళ్లంతా దద్దుర్లొస్తే ఇక్కడికే తీసుకొచ్చాను. ఈ మందు పడదని చెప్పి మరీ రాయించాను. ఇదే కౌంటరు. నువ్వే టైపు కొట్టావు తమ్ముడూ, నా కళ్లారా చూశాను. మరి ఏమైంది?"

తమ్ముడు కార్డు నంబరు కొట్టగానే పాత వివరం తెర మీదికి వచ్చింది. మందు పేరు ఎర్రటి అక్షరాలలో ఉన్నది. పేరు కొడితే మాత్రం పాతది రాలేదు. ఆయన పరుగున పోయి సర్వరక్క గారిని పిలుచుకువచ్చారు. వారు ఇండెక్సును పక్కన పెట్టి, రోగుల పట్టిక మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివించారు. ఆ పేరు ఉన్నది. రెండుసార్లు ఉన్నది, పాత కార్డు ఒకటి, కొత్త కార్డు ఒకటి.

ఎవరినీ సంప్రదించకుండా, ఏ పై అధికారి మాట కోసమూ చూడకుండా, సర్వరక్క గారు ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పారు. సర్దకుండానే తెరిచామని, తెరిచినది తానేనని, సరే అన్న నోరు తనదేనని చెప్పారు. ఆమె అంతా విని, ఒక్క మాట అడిగింది.

"అంత తొందరేంటమ్మా మీకు?"

ఆ ప్రశ్నకు మన ఆసుపత్రి ఈనాటికీ సమాధానం చెప్పలేదు. విచారణ సంఘం వేశారు. సంఘం వారు 'సాంకేతిక కారణం' అని తేల్చి టీ తాగి లేచారు. పొరపాటు ఎవరిదో తాను చెబుతానన్న సర్వరక్క గారిని, అనవసరంగా మనసు కష్టపెట్టుకోవద్దని ఓదార్చి పంపారు. వారు ప్రశంసాపత్రాన్ని వాపసు చేయబోతే, ఇచ్చినది వెనక్కి తీసుకునే నిబంధన లేదన్నారు. ఔరా, ఎంత నిబంధనా పాలన!

ఆ తర్వాత వారు ఎవరి అనుమతీ అడగలేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం పేర్లు వెతికే సెర్చిని మూసివేసి, ఇండెక్సులను సరిచూసి, చెడినవాటిని తిరిగి కట్టి, పట్టికలోని పేర్లన్నీ ఇండెక్సులో దొరుకుతున్నాయని నిర్ధారించుకున్నాకనే మళ్లీ తెరిచేవారు. అంతసేపూ కౌంటరులో ప్రతి రోగినీ నోటితో అడిగి రాసుకోవలసి వచ్చేది గనుక, "ఆదివారం తంతు మొదలెట్టింది మహాతల్లి" అని సణిగినవారు మనలో లేకపోలేదు. పన్నెండేళ్లలో ఆ తంతు ఒక్కసారైనా తప్పలేదు. బావగారు ఒకమారు అన్నం గిన్నె పట్టుకుని వచ్చి, కౌంటరు తమ్ముడి పక్కన కూలబడి అన్నారు:

"మా ఇంట్లో వారానికి ఆరు రోజులే బావమరదీ, ఆదివారం లేదు. అది సరే, అలవాటైపోయింది. కంచం ముందు కూర్చుని ఉన్నట్టుండి 'అంత తొందరేంటి' అంటుంది. నన్నేమో అనుకుని నేను మెల్లగా తినడం మొదలెట్టాను. నన్ను కాదు."

ఇక చివరి వారం. మన సర్వర్లకు కాలం చెల్లినదని కొత్తవి తెప్పించారు. సోమవారం ఉదయం ప్రారంభోత్సవమని బోర్డు కట్టారు. సర్వరక్క గారి పదవీకాలం శనివారంతో ముగుస్తుంది. వారి స్థానంలో ఎవరినీ నియమించలేదు, నియమించే ఉద్దేశమూ లేదు. డేటాను తరలించిన కంపెనీ ఇంజనీరు, ఇప్పటి సూపరింటెండెంటు గారు శనివారం మధ్యాహ్నం వారి గదికి వచ్చి, అంతా సిద్ధమని ధ్రువీకరించే కాగితాన్ని ముందు పెట్టారు.

"ఇండెక్సులు మళ్లీ కట్టారా బాబూ?"

"అంతా ఆటోమేటిక్ అండీ. మీరేం వర్రీ అవ్వొద్దు."

"కట్టారా, లేదా?"

ఇంజనీరు సూపరింటెండెంటు గారి వంక చూశాడు. "దానికి సెర్చి ఒక రోజు ఆపాలండీ. షెడ్యూల్లో లేదు" అన్నాడు.

"అయితే ఇది తెరవకూడదు సార్. ఒక్క రోజు ఆగండి. రేపు ఆదివారమే, నేనొచ్చి కట్టేస్తాను. జీతం వద్దు, ఏమీ వద్దు."

"రిటైరైనవాళ్లని లోపలికి రానివ్వకూడదమ్మా, రూలు. అయినా సోమవారం అందరినీ పిలిచాం."

"నేను సంతకం పెట్టను సార్."

ముప్పై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో సర్వరక్క గారు పై అధికారికి కాదు అని చెప్పినది ఇదే ప్రథమం. పన్నెండేళ్లుగా గొంతులో దాచుకున్న ఆ ఒక్క మాట బయటపడితే చాలు, ఈసారైనా ఆగుతారని వారు నమ్మారు.

సూపరింటెండెంటు గారు కోప్పడలేదు. వారు సౌమ్యులు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, ఎంతో ఆదరంగా అన్నారు: "పర్లేదమ్మా. సాయంత్రం దాటితే మీ సంతకం అవసరం ఉండదు కదా."

సాయంత్రం పూలగుత్తి ఇచ్చారు, ఫొటో తీశారు, కారులో ఇంటిదాకా దింపారు. సోమవారం ఉదయం రిబ్బను కత్తిరించారు. సెర్చి తెరుచుకున్నది, కన్నుమూసి తెరిచేలోపు జవాబిస్తున్నదని అందరూ మెచ్చుకున్నారు. లైను తగ్గాక కౌంటరు తమ్ముడు తన పేరు కొట్టి చూశారు; వచ్చింది. సర్వరక్క గారి అసలు పేరు కొట్టారు. మనలో అందరిలాగే వారికీ ఇక్కడ కార్డు ఉన్నది, పడని మందు ఒకటి అందులో రాసి ఉన్నది. లేదు అన్నది యంత్రం. నంబరు కొడితే ఉన్నది, పేరు కొడితే లేదు. తమ్ముడు పరుగెత్తి సూపరింటెండెంటు గారికి చెప్పారు. చూద్దాం, వచ్చే వారం చూద్దాం అన్నారు. తమ్ముడు ఆ తర్వాత సర్వరక్క గారికే ఫోను చేశారు.

"అక్కా, నీ పేరే పోయిందక్కా."



"నా పేరు పోతే పోయిందిలే. వచ్చిన ప్రతివాళ్లనీ నోటితో అడుగు తమ్ముడూ. స్పృహ లేనివాళ్లొస్తే ఇంటివాళ్లొచ్చేదాకా డాక్టర్ని బతిమాలు. నేను రానా?"

"నీ పాస్‌వర్డు శనివారమే తీసేశారక్కా."

ఈ సంచిక అచ్చుకు వెళ్లే నాటికి కూడా ఆ ఇండెక్సులు కట్టలేదు. కౌంటరు తమ్ముడు ప్రతివారినీ నోటితో అడుగుతున్నారు. లైను కదలడం లేదని ఆయనకు మెమో ఇచ్చారు. అడిగేవారు ఆయన ఒక్కరే, కౌంటర్లు నాలుగు.

కనుక, వృత్తినిష్ఠకు నిదర్శనమై, సహోద్యోగులకు మార్గదర్శకురాలై, మనలో ఎవరికీ లేని ధైర్యాన్ని చివరి రోజున చూపి, చూపినా ఫలితం దక్కక వెనుదిరిగిన శ్రీమతి సర్వరక్క గారికి ఈ ఆసుపత్రి సిబ్బంది పక్షాన సవినయ నమస్సులు. వారు భర్తతో కలసి, ఇకనైనా ఆదివారాలను ఆదివారాలుగా అనుభవిస్తూ, నిండు నూరేళ్లు సంపూర్ణ ఆరోగ్యంతో వర్ధిల్లుదురు గాక. ఈ ఆసుపత్రి గడప తొక్కవలసిన అవసరం వారికి ఎన్నటికీ రాకుండును గాక. ఒకవేళ వస్తే, తనకు ఏ మందు పడదో తన నోటితో తానే చెప్పుకోగలిగేంత స్పృహ ఆ రోజున వారికి ఉండును గాక.