శ్రీరామ్మూర్తి గారి నల్ల ల్యాండ్‌మాస్టరు

"ఇప్పుడొచ్చేవి కార్లేటి బావా? అయిదు వరసగా నిలబెడితే ఏది ఎవులిదో కొన్నోడికే తెలీదు. అప్పటి కారు సంగతి నాను సెప్తాను, ఇను."

వరహాలు టీ గ్లాసు బల్ల మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు. వన్ టౌన్‌లో ఎల్లారావు టీ కొట్టు దగ్గర ఆ గొంతు సవరింపు వినబడిందంటే ఇక ఓ అరగంట ఎవరూ లేవరు. పోర్టులో క్రేను నడిపి రిటైరైన గురువులు బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు. జాలరిపేట నుంచి అప్పుడే వచ్చిన నూకాలు చేపల గంప కింద పెట్టి, ఆ పక్కనే చతికిలబడింది.

"అప్పట్లో ఈ సందుల్లోన కారంటే ఇంట్లో మడిసి లెక్క. డాక్టరు గారి స్టాండర్డ్ హెరాల్డు దగ్గుతా ఒచ్చేది, ఆయన పేషెంట్లే దాని కంటే నయం. స్టీమరు ఏజెంటు గారి ఫియట్టు ఆళ్ళమ్మాయిలాగే సిగ్గుపడతా మూల తిరిగేది. హారను ఇంటే సాలు, ఏ ఇంట్లో భోజనాలేళయిందో సెప్పేసీవోళ్ళం. అన్నిట్లోకీ రాజా ఏదో తెలుసా? మా శ్రీరామ్మూర్తి గారి నల్ల ల్యాండ్‌మాస్టరు. గోనె సంచుల యాపారం ఆయనిది. దానికి డైవర్ని నాను. ఆదివారం సాయంత్రం అయ్యగారు నా పక్కన, మా అమ్మగారు అనూరాధమ్మ గారు ఎనకాల, పిల్లలు కిటికీలంట ఏలాడతా బీచి రోడ్డు మీద ఎల్తంటే, సముద్రం అలలు ఆపేసి సూసేది."

"మొదలైపోనాది," అన్నాడు గురువులు.

"ఉండెహె! తుఫాను రోజు సెప్తాను. అయ్యగారు కలకత్తాలో ఉన్నారు. ఇదిగో, ఈ నూకాలు తల్లి గంగాలమ్మ మా అయ్యగారింటికి సేపలిచ్చేది. దానికి నొప్పులొచ్చినాయని కబురొచ్చింది. అప్పుడిది కడుపులో ఉన్నాది. 'వరహాలూ, బండి తియ్యి' అన్నారు అమ్మగారు. తీసినాను. ఆవిడా ఎక్కినారు. జాలరిపేట ఎల్లి గంగాలమ్మని ఎనక సీట్లో పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తిప్పినాను. ఇంతవరకూ ఎవుడైనా సేత్తాడు. ఆ తర్వాత ఏటైందో తెలుసా?"

"సెప్పు మావా," అన్నాడు ఎల్లారావు పాలు పొంగకుండా కలుపుతూ.

"నీళ్ళు! ముందు సక్రాలు ములిగినాయి, తర్వాత బానెట్టు ములిగింది, ఆ తర్వాత కారు తేలింది బావా! ఇప్పటివైతే తేల్తాయేటి? నాను ముందు తలుపులు రెండూ తీసి తెడ్డేసినట్టు ఆడించినాను. గాలి ఒక్క తోపు తోసింది. సూద్దును గదా, డాల్ఫిన్స్ నోస్ కొండ నా ఎనకాల ఉన్నాది."

"సముద్రంలోకి ఎల్లిపోనావా?"

"సెకండు గేరులో."

"మరి గంగాలమ్మ?"

"నిద్దరోతంది. ఆ సీటు మెత్తన అలాంటిది! అక్కడ ఓడ ఒకటి లంగరు తెగిపోయి బొంగరంలాగ తిరుగుతంది. కెప్టెను గ్రీసు దేశపోడు. పైనుంచి 'వరహాలు గారూ, కాపాడండీ' అని ఒకటే ఏడుపు."

"నీ పేరు ఆడికెలా తెలిసింది బావా?"

"ల్యాండ్‌మాస్టరు తెలిసినోడికి డైవరు పేరు తెలీదేటి? తాడు ఇసిరినాడు. బంపరుకి కట్టి లాగినాను. ఓడ కదిలింది. అది సూసి ఇంకో రెండు ఓడలోళ్ళు మమ్మల్నీ కట్టుకోమని గోల. మూడింటినీ హార్బర్లో ఎట్టేసి, ఆ అల మీంచే ఒక్క గెంతు గెంతించి, పెద్దాసుపత్రి మెట్ల కాడ బ్రేకేసినాను. గంగాలమ్మ కళ్ళు తెరిసి 'అప్పుడే ఒచ్చేసినామా' అంది! ఆ తర్వాత స్టీల్ ప్లాంటు ఇంజినీర్లు ఒచ్చి ఆ బంపరుకి మొక్కినారు, ఇలాంటి ఇనుము మా వల్ల కాదని."

గురువులు నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. "ఇంతకీ ఆ కారు ఇప్పుడెక్కడున్నాది?"

"తగరపువలసలో, అమ్మగారి కాడ. షెడ్డులో గుడ్డ కప్పి ఉంచినారు. నాను తప్ప ఇంకోడు స్టీరింగు ముట్టకూడదని ఆవిడ ఆర్డరు. నాను ఎల్లి తుడిసొత్తన్నాను, పండక్కీ పబ్బానికీ."

"బాబాయ్," అంది నూకాలు. "అయ్యగారి యాపారం పోయినప్పుడే ఆ కారు అమ్మేసినారు. పాత ఇనుము కొట్లో కోసేసినారు. నీకూ తెలుసు."

వరహాలు గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు గానీ తాగలేదు.

"మా అమ్మ ఈ కథ నాకింకోలాగ సెప్పింది. నీళ్ళల్లోన బండి ఆగిపోనాదంట. అమ్మగారు ముందుకొచ్చి స్టీరింగు పట్టుకుంటే నువ్వు దిగి ఎనకనించి తోసినావంట. దారి పొడుగునా తోసినావంట, మా అమ్మ కంటే గట్టిగా ఏడుస్తా. ఆసుపత్రి గేటు ఇంకా రాకముందే నాను ఆ సీట్లోనే పుట్టేసినాను. అమ్మగారే అందుకున్నారంట."

గురువులు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"కారు పోయిన కాడ్నించీ ఆవిడ గుమ్మం తొక్కినావా నువ్వు?" అంది నూకాలు.

"ఏటని ఎల్తానే?" అన్నాడు వరహాలు. "కారు నేకుండా ఆ ఇంటికి నానెవుడ్ని? ఎల్తే కూకోమంటారు, కాఫీ ఇత్తారు, సుట్టానికిచ్చినట్టు. నాను సుట్టాన్ని కాదు గదా."

"తగరపువలస సంతకి ఎల్లినప్పుడల్లా ఆవిణ్ణి సూసొచ్చీదాన్ని. 'వరహాలు ఇంకా కోతలు కోస్తున్నాడా' అని అడిగేవోరు. నీ ఓడల కథ సెప్తే కొంగడ్డం పెట్టుకుని నవ్వేవోరు. 'ఒకసారి రమ్మనవే, వాడి నోటితోనే వింటాను' అనేవోరు. నీకు సెప్తానే ఉన్నాను. ఎల్తాను ఎల్తాను అంటావు."

"రేపెల్తాను. రేపు పొద్దున్నే ఎల్తాను."

నూకాలు తల దించుకుంది. "మొన్న శుక్రారం పోనారు బాబాయ్. అది సెప్పడానికే ఒచ్చినాను. నువ్వు కథ మొదలెట్టేసినావు. ఆవిణ్ణి కారెక్కించి అంత ఉసారుగా తిప్పతంటే, మద్దిలో ఆపడానికి నాకు మనసు రానేదు."

ఎల్లారావు స్టవ్వు తగ్గించాడు. గురువులు వరహాలు భుజం మీద చెయ్యి వేశాడు. వరహాలు రోడ్డు వైపు తిరిగాడు. ఓ ఆటో వచ్చి, హారను కొట్టి, వెళ్ళిపోయింది.

"తోయడానికి దిగే ముందు," అన్నాడు చివరికి, ఎవరితోనూ కానట్టు, "నా కాకీ సొక్కా ఇప్పి ముందు సీటు మీద ఎట్టినాను. నువ్వు పుట్టేసరికి ఆ కార్లో పొడిగుడ్డ అదొక్కటే. అమ్మగారు నిన్ను అందులోనే సుట్టినారు."

గురువులు నూకాలు వైపు చూశాడు. ఇది కూడా కోతేనా అని అడుగుతున్నట్టుంది ఆ చూపు.

"కాదు," అంది నూకాలు కళ్ళు తుడుచుకుంటూ. "ఇది నిజవే."