అక్కయమ్మ అడిగిన ఇంజక్షన్

మాలూరు దగ్గర ఒక ఆసుపత్రి, అత్యవసర విభాగం. సాయంత్రం. మంచం మీద లక్కూరు అక్కయమ్మ, పక్కన డాక్టరు మంజుశ్రీ.

“అవన్నీ వద్దు డాక్టరమ్మా. నాకు నిద్రపోయే ఇంజక్షనే ఇయ్యి.”

“అక్కయమ్మా, మళ్లీ చెప్తా, విను. మణికట్టు ఎముక విరిగి పక్కకు జరిగింది. లాగి సరిగ్గా కూర్చోబెట్టల్ల. దానికి నువ్వు నిద్రపోయే పనే లేదు. విరిగినచోటే ఒక ఇంజక్షన్ వేస్తా, మొద్దుబారిపోతాది.”

“మెలకువగానే ఉంటానా?”

“ఉంటావు. నాతో మాట్లాడతానే ఉండొచ్చు.”

“మాట్లాడేది ఎవరికి కావల్ల తల్లీ.”

“సరే, మాస్కు పెట్టుకోని గ్యాసు పీల్చేది ఉండాది. నొప్పి తెలీదు. కొందరికి నవ్వు గూడా వస్తాది.”

“నవ్వేదెందుకమ్మా నాకిప్పుడు?”

“ఇంగోటి. పైచేతికి బెల్టు బిగించి నరంలోకి మందు ఎక్కిస్తాము. చెయ్యంతా తిమ్మిరెక్కతాది.”

“దాంట్లో నిద్రొస్తాదా?”

“రాదు.”

“అయితే అదీ వద్దు.”

“నొప్పంటే అంత భయమా?”

“నొప్పిదేముండాదిలే. ముగ్గుర్ని ఇంట్లోనే కన్నా.”

“మరింగేంది?”

“నిద్ర ఇంజక్షన్ ఇస్తే ఎంతసేపు పడుకుంటారమ్మా?”

“పది, పదిహేను నిమిషాలు. మత్తు పూర్తిగా దిగేదానికి ఒక గంట.”

“గంటేనా? కొంచెం ఎక్కువ పోస్తే?”

“ఎక్కువ పోసేదానికి అదేమన్నా మజ్జిగా? ఎందుకట్ల అడగతా ఉండావు? ఇంట్లో ఏమన్నా గొడవా? మీ ఆయన కొట్టినాడా? నాతో చెప్పు.”

“అయ్యో, లేదు తల్లీ! మా ఆయప్ప మంచోడే. చెయ్యెత్తే రకం కాదు. స్టాండు పైఅరకు ఆకేస్తా ఉన్నా, కాలు జారింది. అంతే.”

“ఏం ఆకు?”

“మల్బరీ ఆకు, రేష్మె పురుగులకు. నాలుగోసారి కుబుసం విడిచి జ్వరం లేచినాయి గదా, ఇంగ గూడు కట్టేదాకా రాత్రీ పగలూ తింటానే ఉంటాయి.”

“రాత్రి ఎవరేస్తారు ఆకు?”

“ఇంజక్షన్ ఇస్తావా, ఇయ్యవా, అది చెప్పమ్మా.”

“ఇయ్యల్లంటే కడుపు ఖాళీగా ఉండల్ల. పొద్దున్నుంచి ఏం తిన్నావు?”

“ఏమీ తిన్లేదు.”

“ఏమీ?”

“ఈ పొద్దు శనివారం. వెంకటరమణస్వామికి ఒక్కపొద్దు.”

“కాఫీ?”

“నీళ్లు గూడా ముట్టలేదు.”

“నా మొగం చూసి చెప్పు.”

“నీ మొగం ఏం చూసేదమ్మా, నాకంటే నువ్వే అలసిపోయినట్లుండావు. యాడ మీది?”

“కేజీఎఫ్. కోరమండల్. మా తాత గనిలో చేసినాడు. నిన్న డ్యూటీకొచ్చినా, ఇంగా దిగలేదు. నువ్వు మాట మార్చొద్దు.”

“మేడం, ఇంగెంతసేపయితాది? బేగ ఇంటికి పోయి మేత వెయ్యల్ల.”

“ఎవరప్పా కర్టెన్ తీసి లోపలికొచ్చింది? నువ్వేనా ఈయమ్మ భర్త?”

“అవును మేడం. చిన్నవెంకటప్ప.”

“మంచిదయ్యింది, రాప్పా. ఈయమ్మ ఈ పొద్దు ఒక్కపొద్దంట, నిజమేనా?”

“ఒక్కపొద్దా? ఎవరు, ఇదా? పురుగులు మేత మీద ఉన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఒక్కపొద్దు ఉండరు మేడం. ఇంట్లో మనిషి పస్తుంటే పురుగు గూడా మేత వదిలేస్తాదని మా అవ్వ కాలం నుంచీ ఆచారం. మధ్యాన్నం నా ముందరే కూర్చోని రెండు రాగిముద్దలు తినింది, పప్పుసారు పోసుకోని.”

“నిన్నెవరడిగినారు?”

“మేడమే గదే అడిగింది!”

“అక్కయమ్మా! నిండు కడుపు మీద నిద్ర ఇంజక్షన్ ఇచ్చింటే ఏమయ్యిండేదో తెలుసునా? ఆ ముద్ద పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయింటే? పానం పోయిండేది!”

“తెలీదమ్మా.”

“దేవుని పేరు చెప్పి అబద్ధమాడతావా? ఒళ్లు జల్లుమంటా ఉండాది నాకు.”

“తప్పయింది. ఇంగ అనొద్దు తల్లీ, నా వల్ల కాదు.”

“ఏమే, ఏడస్తా ఉండావా? మీయమ్మ పోయినప్పుడు గూడా ఏడవలేదే నువ్వు!”

“నువ్వూరుకోప్పా. ఇంగ మాటల్లేవు, విరిగినచోటే ఇంజక్షన్. చెయ్యి కదిలించొద్దమ్మా. చురుక్కుమంటాది... అంతే, అయిపోయింది. ఇంగ మొద్దుబారేదాకా కాసేపు చూడల్ల.”

“ఇంగా కాసేపా మేడం? ఆకు వాడిపోతాది.”

“మీ ఇంట్లో రాత్రి మేత ఎవరేస్తారప్పా?”

“ఇదే మేడం. పొద్దున తోటలో ఆకు కోసేది నేను గదా. రాత్రి ఆడోళ్లు చూసుకుంటారు. మాలో అట్లే.”

“ఇంట్లో ఇంగెవరుండారు?”

“కూతుర్లు అత్తగారిండ్లలో ఉండారు. పిల్లోడు ఇక్కడే నరసాపురం ఫ్యాక్టరీలో, వానికి షిఫ్టులు.”

“మరి ఈయమ్మ ఎప్పుడు పడుకుంటాది?”

“మధ్యమధ్యలో పడుకుంటాది మేడం. పడుకోకుండా ఉంటాదా ఏంది? ఏమే, పడుకుంటావు గదా? ఏమే?”

“అక్కయమ్మా, ఇక్కడ గిల్లితే తెలస్తా ఉండాదా? అక్కయమ్మా?”

“అయ్యయ్యో మేడం, కండ్లు మూసేసింది! పలకదే!”

“అరవొద్దప్పా, ఉండు! నాడి బాగుండాది. ఊపిరీ బాగుండాది. నిద్రపోయింది.”

“నిద్ర ఇంజక్షన్ ఇచ్చేసినారా?”

“ఇయ్యలేదు.”

“మరెట్ల?”

“నన్నడిగితే? మోచెయ్యి పట్టుకో. గట్టిగా. లాగతా ఉండా... ఇంగొంచెం... ఆఁ, కూర్చునింది. వదిలెయ్యి.”

“అబ్బా, ఉలకలేదు పలకలేదు మేడం! రాయి మాదిరి పడుకోనుండాది.”

“పిండికట్టు వేసేస్తా. వేళ్లు వాస్తాయేమో పొద్దున్దాకా చూడల్ల. ఈ రాత్రికి ఇంటికి పంపను.”

“పొద్దున్దాకానా? రాత్రి మేత ఎవరెయ్యల్ల? ఉండండి, నేనే లేపతా. ఏమే...”

“ముట్టుకున్నావంటే చూడు! విరిగిన చెయ్యితో స్టాండెక్కల్లనా? నువ్వెయ్యి మేత.”

“నేనా? రాత్రంతా మేలుకోవల్లే మేడం!”

“మేలుకోవల్ల.”

“సరే, ఏం చేసేది. ఇది లేస్తే, కింది అరకు ఎంత ఆకెయ్యల్లో కొంచెం అడిగి ఫోన్ చేపించండి. నాకు తెలీదు.”

“ఇన్నేండ్లు చేసి తెలీదా? పో అప్పా, పో.”

“పోయొస్తా మేడం.”

“...దేవుడా. నాకెప్పుడు పడతాదో ఇట్లాంటి నిద్ర.”

“పోయినాడా డాక్టరమ్మా?”

“అమ్మా! మేలుకొనే ఉండావా? ఎముక లాగేటప్పుడు గూడానా?”

“కండ్లు తెరిస్తే పిల్చుకోని పోతాడని.”

“పోయినాడులే. బండి గూడా కదిలింది.”

“అయితే ఆ కర్టెన్ లాగు తల్లీ. ఇంగ నిద్రపోతాను.”