అన్నియ్య ఉత్తరంలో నాను దాటీసిన వరసలు

"మామ్మా, యూనివర్సిటీ ఫారం వచ్చింది. ఎమ్మే రాయనా, బీఎడ్ రాయనా? నాన్నేమో లా చదవమంటున్నాడు. నువ్వేమంటావు?"

నన్నడుగుతావేటే బొట్టీ? నాను సదివింది అయిదు. అయిదు కూడా కాదు, నాలుగున్నర అనుకో. ఆఖర్న ఆటలమ్మ పోసి పరీచ్చకి ఎల్లనేదు. సరే గాని ఇలగ కూకో. మా అన్నియ్య సదువు సంగతి సెప్తాను. అది ఇన్నాక నీకు తోసింది రాసుకో.

మా కన్నోరిది జలంత్రకోట కదా. కొబ్బరితోటలు. అప్పటికింకా మనది గంజాం జిల్లా. మా అన్నియ్య విజీనారంలో బియ్యే పేసయినాడు. సుట్టుపట్ల ఊళ్ళకి అదే మొదటి బియ్యే. బియ్యే అంటే ఏటో ఎవలికీ తెల్దు గాని, ఆడు సోంపేటలో రైలు దిగుతాడని తెలిసి రెండు బళ్ళు కట్టుకుని జనం సూడ్డానికి ఎల్లినారు. ఆడు మామూలుగానే ఉన్నాడు. కొంచెం సిక్కినాడు. అదే సూసి వొచ్చీసినారు.

ఆ తరవాత ఏటి సదవాల అని ఇంట్లో పంచాయితీ. పై సదువులన్నీ సెన్నపట్నంలోనే. ప్లీడరు సదువుంది, డాట్రు సదువుంది, పంతులు సదువుంది, ఎమ్మే ఉంది. డాట్రు వొద్దంది మాయమ్మ. పీనుగుల్ని కోత్తారంట, ఆ సేత్తో అన్నమెలాగ తింటాడు అంది. ఎమ్మే అంటే మా పెద్దమావ, "బియ్యే అయిపోనాక మల్లీ ఎమ్మే ఏటి, మొదటిసారి సరిగ్గా సదవనేదా?" అన్నాడు. పంతులు సదువు ఊసు ఎవలూ ఎత్తనేదు. మా నాయిన ప్లీడరు అన్నాడు. అంతే, అయిపోనాది.

ఎందుకంటే, మా నాయినకీ పెద్నాయినకీ తోట మధ్యన నుయ్యి మీద దావా ఉండీది. సొంత అన్నదమ్ములే, సూడు మరి. నుయ్యి నాదంటే నాదని పదకొండేళ్ళు తిరిగినారు. నీల్లు మాత్రం ఇద్దరూ తోడుకుంటనే ఉన్నారు, మేము పొద్దున్న, ఆల్లు మజ్జాన్నం. ఇంట్లోనే ప్లీడరుంటే నుయ్యి మనదైపోద్దని నాయిన ఆశ.

అన్నియ్య పెట్టి సర్దుకున్నాడు. నాయిన ఎదర నిలబడి కాదనడం మా ఇంట్లో నేదు. ఎల్లేముందు నన్ను పెరట్లోకి పిలిసినాడు.

"సూరీ, నాను ప్లీడరు సదవను. పంతులు ట్రైనింగు సదువుతాను. ఎల్టీ అంటారు, ఏడాదే. ఉత్తరాలు నాయినకి నివ్వే కదా సదువుతావు, కాలేజీ ఊసు వొచ్చిన కాడ దాటీ."

"మరి రాయడమెందుకు, మానీరాదా?" అన్నాను.

"నాయినకి అబద్దం రాయనేను" అన్నాడు.

అలగ ఆడి సత్తెం ఆడికి నిలబడిపోనాది. అబద్దం నా వంతుకొచ్చినాది. నాకు పన్నెండేళ్ళు. ఇంట్లో అచ్చరాలు వొచ్చింది మా ఇద్దరికే. కవరు అర్ధణా రోజులవి, నెలకి రెండు రాసీవోడు. నాయిన అరుగు మీద కూకుని, పక్కన నలుగుర్ని కూకోబెట్టుకుని మరీ సదివించీవోడు. నాను దాటుకుంటూ దాటుకుంటూ సదివీదాన్ని. ఒకసారి నోరు జారి ఎల్టీ అనీసినాను. "ఎల్టీ అంటే ఏటే?" అన్నాడు నాయిన. మా పెద్దమావే అందుకున్నాడు. "ప్లీడర్లది బీయెల్లు బావా. అందులో ఎల్లు ఎనకాల ఉంటాది. ఇందులో ముందరే ఉంది. ఇది ఇంకా పెద్దదై ఉంటాది" అన్నాడు. మావోడిది ప్లీడరు కన్నా పెద్ద సదువని సాయంత్రానికి ఊరంతా తెలిసిపోనాది.

ఆ సీతాకాలం ఒక ఉత్తరం వొచ్చినాది. అందులో ఉంది కదా, "ఇక్కడ ఆడపిల్లలు కూడా పంతులమ్మ ట్రైనింగుకి వొత్తన్నారు. మన సూరికి బుర్ర మంచిది. దాన్ని టెక్కలిలో అత్త ఇంట ఉంచి ఎనిమిది దాకా సదివించండి. తరవాత సంగతి నాను సూసుకుంటాను. అప్పుడే పెళ్ళి సెయ్యకండి" అని. దానికి అటూ ఇటూ ట్రైనింగు కాలేజీ ఊసే. అది సదివితే, ఈ పంతులమ్మలెవరే, ఆల్ల మధ్యన మనోడికేటి పని అని అడుగుతాడు కదా నాయిన.

కాయితం అలగే పట్టుకుని ఉండిపోనాను. "ఇంకేటి రాసినాడే?" అన్నాడు.

"అక్కడ పెరుగు మంచిది దొరకటం నేదంట నాయినా" అన్నాను.

మాయమ్మ కళ్ళొత్తుకుంది, కొడుక్కి పెరుగు నేదని.

ఆ వైశాఖంలో నన్ను మందస ఇచ్చీసినారు. మీ తాత మంచోడే, నాను ఇంకోలాగ సెప్పనేదు. మంచోడే.

ఏడాది తిరక్కుండా అన్నియ్య వొచ్చీసినాడు. రెండేళ్ళ సదువు మావోడు ఏడాదిలో లాగీసినాడని నాయిన అందరికీ సెప్పుకున్నాడు. వాయిదా నాడు తిన్నగా కోర్టుకి తీసుకెల్లినాడు. ఇది అన్నియ్య తరవాత నాకు సెప్పిందే, నాను సూణ్ణేదు. కోర్టు వరండాలో అన్నియ్య సెప్పీసినాడంట. "నాయినా, నాను ప్లీడర్ని కాను. పంతుల్ని. టెక్కలి ఇస్కూల్లో పని ఇచ్చినారు" అని. నాయిన నోరిప్పేలోపే పెద్నాయిన ఎదురొచ్చినాడు.

"తమ్ముడూ, మీవోడు ఎల్టీ అంట కదా. మాది ఉత్త బీయెల్లు ప్లీడరు. ఆడితో మావేటి నెగ్గుతాం? నుయ్యి ఇద్దరిదీ అని రాసీసుకుందాం" అన్నాడంట.

నాయిన కొడుకేపు సూసినాడు, అన్నేపు సూసినాడు. "సరే, మావోడికి నాను నచ్చసెప్తాను లే" అన్నాడంట. రాజీ కాయితం అన్నియ్యే రాసినాడు, దస్తూరీ ముత్తేల్లాగుండీది. పదకొండేళ్ళు కొట్టుకుని, నుయ్యి ఎలగున్నదో అలగే ఉంచుకున్నారు.

ఇంటికొచ్చి నాయిన ఉత్తరాల కట్ట అట్టుకుని ఊరి పంతులు కాడికెల్లి, మొదట్నించీ అన్నీ సదివించుకున్నాడంట. మూడోనాడు మందస వొచ్చినాడు, నడిసి. నాను గేదెల తొట్టిలో కట్నీలు పోత్తన్నాను. ఆ కట్టలోంచి ఒక్క ఉత్తరం తీసి నా సేతిలో ఎట్టినాడు.

"సదువు" అన్నాడు.

సదివినాను. ఏదీ దాటనేదు. ఆకరి దాకా సదివినాను.

"అప్పుడెందుకు సదవనేదే?"

"అన్నియ్య దొరికిపోతాడని నాయినా."

మజ్జిగిత్తే తాగినాడు. "నివ్వు సదివున్నా, పంపుదునో నేదో నాకూ తెల్దు" అన్నాడు. సెంబు కింద ఎట్టి, "తెల్దే" అని మల్లీ అన్నాడు. పంపుదును అని ఒక మాట అనీసుంటే నాను ఆ బెంగతోనే పోదును. పంపకపోదును అన్నా కోపమొచ్చీది. ఆ మాటొక్కటీ నిజం సెప్పినాడు మా నాయిన. గేదెల్ని సూసి, ఎండ తగ్గకుండానే ఎల్లిపోనాడు.

అన్నియ్య టెక్కలిలో ముప్పయ్యేళ్ళు పాఠాలు సెప్పినాడు. ఆడి కాడ సదివినోల్లలో ఎంతమంది ప్లీడర్లయినారో. నాయిన మాత్రం పోయేదాకా పైఊరోల్ల దగ్గిర ఎల్టీ అనే సెప్పుకున్నాడు, పంతులు అన్నేదు.

నానా? నానేటే, మీ నాన్నకి అచ్చరాలు దిద్దించినాను, మీ అత్తలకి దిద్దించినాను. అదే నా ట్రైనింగు.

నివ్వు ఏ సదువైనా సదువు తల్లీ. మీ నాన్న ఎదర కూకుని నివ్వే సెప్పు, మధ్యన ఎవల్నీ ఎట్టకు. నీ పేరుమీద వొచ్చిన ఉత్తరం నివ్వే ఇప్పుకుని, నివ్వే సదూకునే బతుకు బతుకు. నాకింతకన్నా దీవించడం రాదు... టెక్కలి అత్త ఇల్లు ఇస్కూలెనకే ఉండీది, గంట కొడితే వొంటింట్లోకి ఇనిపించీదంట... ఏటో...