గాజులు తియ్యని బాప్తిస్మం

ఏమన్నవు బిడ్డా? జర గట్టిగ చెప్పు, ఈ చెవి ఇనరాదు నాకు.

ఆఁ, సమజయింది. యెరూషలేముల పుట్టిన సంఘం ఇన్ని జాతులల్లకు, ఇన్ని భాషలల్లకు ఎట్ల పోయిందని అడుగుతున్నవు. వచ్చే ఆదివారం మొగుళ్లపల్లిల నీ మొదటి వాక్యం గదా. ఆడికి చత్తీస్‌గఢ్ దిక్కు నుంచి కూలికొచ్చిన కోయోళ్లు గుడికొస్తున్నరని, వాళ్లకు తెలుగు సక్కగ రాదని మొన్న నువ్వే చెప్తివి. నీ బుగులు నాకెరుకే. బైబిలు కాలేజీల మీ సార్లు చెప్పలేదా? చెప్పిన్రా. పటం గూడ గీసిన్రా. మంచిదే. నేను రాత్రిబడిల అక్షరాలు దిద్దినోణ్ని, నాకు పటాలు రావు. నాకు తెలిసింది మన వాగు ఒడ్డున అయింది. అది చెప్త, కూసో. గా కుర్చీ కాదు, దాని కాలు ఊగుతది. మంచం మీద కూసో.

మీ ముత్తాత, అంటే మా నాయిన, డప్పు కొట్టేటోడు. ఎరుకేనా నీకు? పెద్దవంగర చుట్టుపక్కల ఆయన దెబ్బంటే పేరు. మా ఇంటోళ్లంత బాప్తిస్మం తీసుకున్ననాడు, డప్పు దయ్యాలది, తెచ్చి పొయ్యిల పెట్టుమన్నరు. పెట్టిండు. గాని ఆ తర్వాత సచ్చేదాక గుడిల పాట పాడుతుంటే ఆయన చప్పట్లు గూడ కొట్టలే. చేతులు ఒళ్లె పెట్టుకొని కూసునేటోడు. నేను పక్కనుండి చూసేటోణ్ని.

ఏం చెప్తున్న... ఆఁ, ద్వాలి ముచ్చట.

అప్పుడు మనకొక పాస్టరు ఉండె. కోస్తా దిక్కాయన. మంచి మనిషి, అట్లనుకోకు. ఎవలకన్న పాణం బాగలేకుంటే సైకిలేసుకొని దవాఖాన దాక పోయేటోడు. గాని ఆయన ప్రార్థన వేరే తీరు, పుస్తకం లెక్క. మనోళ్లు గూడ ఆయనను చూసి మారిన్రు. ఇంట్ల 'దా, కూసో' అనేటోళ్లు, గుడిల 'విచ్చేయుము' అనుడు మొదలుపెట్టిన్రు. నేను మారలే. ఒకసారి ఆయన మెల్లగ అన్నడు, "ఎల్లయ్య గారూ, దేవుని సన్నిధిలో కొంచెం మంచి భాష వాడితే బాగుంటుంది కదా" అని. "అయ్యా, కడుపు కాలినప్పుడు గిదే భాషల ఏడిస్తే ఆయనకు ఇనపడ్డది. ఇప్పుడెందుకు ఇనపడది" అన్న. నవ్విండు పాపం. మల్ల ఎన్నడు అడగలే.

ద్వాలి గుట్టవతల తండా పిల్ల. మన సత్తెమ్మతోని మిర్పతోటల కూలికొచ్చేది. సత్తెమ్మ ఎరుకే గదా, మా మేనత్త బిడ్డ, మొగడు జల్ది పోయిండు. కాయ ఏరుకుంట సత్తెమ్మ పాటలు పాడేది. ఈ పిల్ల ఇన్నది, ఇన్నది, ఒక ఆదివారం ఆమె ఎంటనే గుడికొచ్చింది. గడప కాడ కూసున్నది. లోపలికి రమ్మంటే రాలే. ఆ గడప కాడనే ఏడాది కూసున్నది అనుకో. పెదవులు కదిలేటివి, వాళ్ల లంబాడి మాటల. ఒకనాడు పాస్టరు కాడికొచ్చి బాప్తిస్మం ఇయ్యుమని అడిగింది.

ఆయన సంబురపడ్డడు. సంబురపడి, సంఘం పద్ధతి చెప్పిండు: నీళ్లల్ల దిగేముందు సొమ్ములు తియ్యాలె. మన ఆడోళ్లు ముక్కుపుల్ల తీసి, కమ్మలు తీసి దిగినోళ్లే. ద్వాలి చేతులకు మోచేతి మీదికెల్లి భుజం దాక తెల్లగాజులు. బలియా అంటరు వాళ్లు. "అన్ని తీస్త, గివి తియ్య" అన్నది.

పెద్దలం కూసున్నం. ఆరాధన అయినంక, గుడిలనే, చాప ఏసుకొని. ఆడోళ్లు ఎనుక కూసున్నరు. ద్వాలిని పిలిచిన్రు.

"అయ్యా, మాకు మొగడు సచ్చిననాడు తీస్తరు ఇవి. నా మొగడు పూణెల గోడలు కడుతుండు. బతికే ఉన్నడు" అన్నది.

పాస్టరు మెల్లగనే చెప్పిండు, "అమ్మా, అది పైపై అలంకారం. దేవుడు హృదయం చూస్తాడు" అని.

"హృదయం చూసేటోడు నా చేతుల దిక్కెందుకు చూస్తుండయ్యా?"

మాకు నవ్వొచ్చింది గాని ఎవ్వలం నవ్వలే. ఆ పిల్ల కండ్లల్ల నీళ్లున్నయి.

దేవదాసు లేడూ, అప్పటి సంఘ పెద్ద, ఆయన లేచిండు. "మా ఇంటిదాని కమ్మలు ఇప్పించిన్రు. అవి దాని తల్లి పెట్టినయి. ఏడ్చుకుంట ఇప్పింది. ఈమెకొక పద్ధతి, మాకొక పద్ధతా?" అన్నడు. ఆయన మాట తప్పు కాదు బిడ్డా. పోగొట్టుకున్నోడు అట్లనే మాట్లాడుతడు. మా నాయిన బతికుంటే ఏమనేటోడో నాకు తెల్వదు.

అప్పుడు నేను చెప్పిన. నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివినోణ్ని, ఒకసారి తలకెక్కితే ఇగ దిగది. యెరూషలేముల మొదాలు నమ్మినోళ్లంత యూదులే గదా. వాళ్ల తిండి వాళ్లది, వాళ్ల గుర్తు, సున్నతి, వాళ్ల ఒంటి మీద. అంతియొకయ పట్నంల గ్రీకు మాట మాట్లాడెటోళ్లు నమ్మిన్రు. యెరూషలేముకెల్లి కొందరొచ్చి, మా గుర్తు మీరు గూడ వేయించుకుంటెనే మీరు మావోళ్లు అన్నరు. పేతురంతటోడు, యేసు ఎంట తిరిగిన జాలరి, అప్పటిదాక ఆ గ్రీకులతోని ఒక్కకాడ తింటున్నోడు, వీళ్లను చూసి భయపడి కంచం కాడికెల్లి లేచిండు. అంతటోడే లేచిండు. ఇగ పెద్దలంత కూసొని లొల్లిపెట్టుకొని, ఆఖరుకు ఏమన్నరు? వాళ్ల మెడ మీద ఆ బరువు పెట్టొద్దు అన్నరు. ఆనాడు పెడితే ఆ సంఘం ఆ ఊర్లనే ఉండిపోతుండె. రోముకు పోకపోతుండె, సముద్రం దాటకపోతుండె. నీ దాక, నా దాక రాకపోతుండె దేవదాసూ, అన్న.

"ఏందిరా, నువ్వు పేతురువా?" అన్నడు దేవదాసు.

"కాదు. నాకు చేపలు పట్టరాదు" అన్న. "ఆమె గాజులు తీపిస్తే నేనియ్యాల్టి సంది గుడికి రాను."

"రాకు. మాకు జర నిమ్మళం" అన్నడు.

నా మాట నెగ్గలేదు బిడ్డా. ఉన్నది చెప్పాలె గదా. పాస్టరు తల వంచుకొని కూసున్నడు, సగం మంది అటు, సగం మంది ఇటు. ద్వాలి లేచి కొంగు సర్దుకున్నది. పోతే ఇగ రాదు, అందరికి తెల్సు.

ఎనుకకెల్లి సత్తెమ్మ లేచింది. ఆమె మాట్లాడంగ గుడిల మేమెన్నడు ఇనలే. "మా ఆయన పీనుగ ఇంకా ఇంటి ముందట ఉండంగనే నన్ను కూసోబెట్టి గాజులు పగలగొట్టిన్రు. ఒకటి గుచ్చుకొని నెత్తురొచ్చింది. మొగడు బతికున్న పిల్లకు మీరు గదే చేస్తమంటున్నరు. చేసుకోండ్రి. నేను ఆడ నిలబడి చూడ" అన్నది. అని కూసున్నది.

అంతే. దేవదాసు చాప కొస పట్టుకొని గీకుకుంట కూసున్నడు. జరసేపటికి, "కానియ్యుండ్రి" అన్నడు.

వాగుల మోకాటి పైకి నీళ్లున్నయి. ద్వాలి గాజులతోనే దిగింది. సత్తెమ్మ చెయ్యి పట్టుకొని పైకి తెచ్చింది.

అయితే తండాల మాట వేరే తీరు పోయింది. చేన్లకు పోయెటోళ్లు, కూలికి పోయెటోళ్లు, ఒకరికొకరు చెప్పుకుంటనే పూణె దాక పోయింది. గుడోళ్లు ద్వాలి బలియా తీసిన్రట, అని. ఆమె మొగడు భద్రు రైలెక్కిండు. ఆదివారం పాస్టరు వాక్యం చెప్తుంటే సంచి చేతిల పట్టుకొని గుడి తలుపుల నిలబడ్డడు. ఎర్రటి కండ్లు. "నేను బతికుండంగనే నన్ను సంపినోడెవడు?" అన్నడు.

నేను లేవబోయిన, మీ నాయినమ్మ నా అంగి పట్టి గుంజింది.

ద్వాలి లేచి, తల మీదికెల్లి కప్పుకున్న బట్ట పక్కకు జరిపి, చెయ్యి చాపింది. భద్రు దగ్గరికొచ్చిండు. మోచేతి కాన్నుంచి భుజం దాక గాజుల మీద వేలు రాసుకుంట పోయిండు, గోడ కట్టేటోడు సక్కగున్నదా లేదా చూసినట్టు. ఒక్కటి తగ్గలే. ఇగ ఆయనకు ఏం చెయ్యాల్నో తెల్వలే. మొగోళ్ల దిక్కొచ్చి నా పక్కన కూలబడ్డడు, సంచి ఒళ్లె పెట్టుకొని.

పాస్టరుకు వాక్యం గుర్తుకు రాలే. బైబిలు మూసి, "ద్వాలమ్మా, నువ్వు ప్రార్థన చెయ్యి" అన్నడు.

"తెలుగులనా అయ్యా?"

"నీకు ఎలా వస్తే అలా."

ఆమె గట్టిగ చేసింది, లంబాడిల. మా గుడి కట్టినకాడికెల్లి ఆ మాట ఆడ లేచుడు గదే మొదలు. మాకెవ్వలకు ఒక్క ముక్క సమజ్ కాలే. మొత్తం గుడిల సమజయింది ఒక్క భద్రుకే, బాప్తిస్మం లేనోనికి. నేను పక్కనుండి చూస్తున్న. ఏమడిగిందో ఏమో దేవుణ్ని, వాడు సంచి మీద తల పెట్టి ఏడ్చిండు.

ఎన్నడు బాప్తిస్మం తీసుకోలే వాడు. అడిగితే నవ్వేటోడు. తండాకెల్లి ఇంకా ఆడోళ్లు, తర్వాత మొగోళ్లు వచ్చిన్రు గాని వాడు తీసుకోలే. ఇప్పుడు నువ్వు చూస్తున్న గుడి గోడలు వాడు కట్టినయే.

గట్ల పోయింది బిడ్డా సంఘం. నాకు తెలిసినంత గట్లనే.

నువ్వు మొగుళ్లపల్లిల వాక్యం చెప్పు, నీ పటం గూడ చూపెట్టు. గాని ముందుగాల ఆ కోయోళ్లల్ల ఎవలనన్న ఒకరిని ప్రార్థన చెయ్యుమను. నీకు సమజ్ కాదు. కాకున్నా ఆమేన్ అను.

దా, దగ్గరికి జరుగు. తల వంచు. నీ తల మీద చెయ్యి పెట్టనియ్యి... పైలంగ పో, పైలంగ రా బిడ్డా. నువ్వు పోయినకాడ ఎవ్వలు గడప కాడనే ఏండ్లు కూసోవద్దు... అయ్యా, ఈ పిలగాన్ని నీ చేతుల పెడుతున్న... నా మాట నీకెరుకే గదా...