బల్లకట్టు ఎక్కక ముందే మార్చిన బ్యాటరీ

నన్ను అందరూ ఐసుపెట్టె అక్క అంటారు. వయసు ముప్పై ఆరు. మందుల దుకాణం నుంచి మోటారుసైకిల్ మీద మందులు చేర్చడం నా పని. బండి దుకాణం యజమానిగారిది. దాన్ని విప్పి సామాను అమ్ముకుంటున్నానని ఆయన ఇచ్చిన ఫిర్యాదు నాకు చదివి వినిపించారు. దానికి నేను చెప్పేది ఇది.

ఈ ఉదయం 8.50కి ఇన్సులిన్ ఉన్న ఐసుపెట్టెతో బయలుదేరాను. ఏటి అవతల కుట్టుపని చేసుకునే ఆవిడ కూతురికి, పదకొండేళ్ల పాపకు, అది చేరాలి. ఇంట్లో ఉన్న సీసా నిన్న సాయంత్రం జారి పగిలిపోయింది. పొద్దుటి సూది పడలేదు.

బండి మూడోసారి నొక్కితే గాని స్టార్ట్ కాలేదు. వారం నుంచీ అంతే, చలికేమో అనుకున్నాను. 9.05కి కూడలిలో హారన్ కొడితే జలుబు చేసిన గొంతులా పలికింది. ఇండికేటర్ బద్ధకంగా వెలిగింది. బండి నిలిపితే లైటు మసకబారింది, యాక్సిలరేటర్ తిప్పితే కాంతి వచ్చింది. బల్లకట్టు ఎక్కితే ఇంజన్ ఆపాలి. ఈ బండికి కిక్ లేదు. అవతలి ఒడ్డు నుంచి ఆ ఇంటికి పద్నాలుగు కిలోమీటర్లు. దారిలో ఇల్లు లేదు, ఫోన్ అందదు.

9.15కి బ్యాటరీల దుకాణం ముందు ఆగాను. యజమానిగారికి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మెకానిక్ పెద్దాయన సీటు తీసి మీటరు పెట్టాడు. ఇంజన్ నడుస్తుంటే పద్నాలుగు వోల్టులు చూపింది. ఆపి, మళ్లీ నొక్కమన్నాడు. ముల్లు ఎనిమిదికి పడిపోయింది. టక్ టక్ తప్ప ఇంకేమీ లేదు.

"ఛార్జింగ్ బానే ఉందమ్మా. బ్యాటరీకే నూకలు చెల్లాయి. ఇంకాసేపైతే నిన్ను నిజంగానే నట్టేట ముంచేది," అన్నాడు.

పాతది కింద పెట్టి కొత్తది బిగిస్తుండగా యజమానిగారి బావమరిది అటుగా వెళ్లాడు. నన్ను చూశాడు, ఏమీ అడగలేదు. బండి విప్పేస్తున్నానని చెప్పింది ఆయనేనట.

9.50కి బల్లకట్టు ఎక్కి ఇంజన్ ఆపాను. పన్నెండు నిమిషాలు. రెండుసార్లు స్టార్ట్ మీట మీదికి చెయ్యి పోయింది, వెనక్కి తీసుకున్నాను. అవతలి ఒడ్డున ఒక్క నొక్కుకే స్టార్టయింది. ఒక్క నొక్కుకే.

10.40కి ఇల్లు చేరాను. పాప గోడకు ఆనుకుని, దాహం దాహం అంటోంది. తల్లి సూది తనే వేసింది. నాకు కదలబుద్ధి కాలేదు. పన్నెండింటికి రక్తపరీక్ష చేస్తే చక్కెర అంకె బాగా దిగింది. "అమ్మా, ఆకలేస్తోందే," అంది పాప. తల్లి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

1.10కి ఇవతలి ఒడ్డున కానిస్టేబుల్ నన్ను ఆపారు. స్టేషన్‌కు మెకానిక్ పెద్దాయనను పిలిపించారు. ఆయన పాత బ్యాటరీ, రశీదు చూపించాడు. యజమానిగారు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు.

"తొందరపడ్డానమ్మా. ఆ ఫోనేదో ఎత్తి ఉంటే సరిపోయేది," అన్నారు.

"ఇకనుంచైనా ఎత్తండి మరి," అన్నాను. నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఎవరో మంచినీళ్లు ఇచ్చారు. గ్లాసు టక్కున తగిలితే తెలిసింది, హెల్మెట్ ఇంకా నా తలమీదే ఉంది.

ఇదంతా నేను చూసింది, చేసింది. రాసినది చదివి వినిపించారు. నా మాట ఎక్కడా మారలేదు.

సమయం: మధ్యాహ్నం 3.20
(సంతకం)